ఈరవ్వ అందుకున్న సలాములు

అనగా అనగా, కోటగోడల రాళ్ళు ఇంకా నల్లబడని కాలంలో, చిట్లకొండ కింద ఈరవ్వ అనే మనిషి ఉండేది. మొగుడు లేడు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక మట్టికుండ, అది నెత్తిన నిలవడానికి ఒక చుట్టకుదురు. కోటలో కొత్తగా చేరిన బంట్లు కసరత్తు చేసే బయలు ఒకటుండేది. ఆ బయలుకు నీళ్ళు మోయడం ఆమె పని. పొద్దున మూడు కుండలు, మిట్టమధ్యాహ్నం మూడు కుండలు, పొద్దు వాలాక మూడు కుండలు.

కొత్త బంట్లకు విద్య నేర్పేవాడు బసప్ప. ఒక కాలు కుంటి. గొంతు మాత్రం కొండకు తగిలి తిరిగొచ్చేది. కత్తి చేతికివ్వక ముందే వాళ్ళకు సలాము నేర్పేవాడు.

"అరచెయ్యి తెరిచి చూపండ్రా! ఎందుకు?"

"చేతిలో ఆయుధం లేదని!"

"కళ్ళల్లోకి చూడండి! ఎందుకు?"

"మనసులో మోసం లేదని!"

"ఎదుటివాడు చెయ్యి ఎత్తిందాకా మీ చెయ్యి దించొద్దు! ఎందుకు?"

మూడోదానికి అందరూ నీళ్ళు నమిలేవాళ్ళు. అప్పుడు బసప్పే చెప్పేవాడు. "సలాము ఒక్కడు చేసేది కాదురా, ఇద్దరు చేసేది. చిన్నవాడు ముందు ఎత్తాల. పెద్దవాడు అందుకోవాల. అందుకోకపోతే అది సలాము కాదు, గాల్లో ఊపిన చెయ్యి."

ఆ ఏడు చేరినవాళ్ళు ఇరవై ఒక్కరు. మీసాలు కూడా సరిగా రానివాళ్ళు. వాళ్ళలో కదిరప్ప అనే పొడుగాటివాడు ఒకరోజు అడిగాడు. "మరి నీళ్ళవ్వకు చెయ్యొద్దా, గురువా? మాకంటే పెద్దదే కదా?"

"నెత్తిన బరువున్నవాళ్ళు సలాము చెయ్యనక్కర్లేదు, అందుకోనక్కర్లేదు. అదీ నియమమే," అన్నాడు బసప్ప.

ఈరవ్వ నవ్వుకుంది. ఆమెకు ఆ ఇరవై ఒక్కరి పేర్లూ తెలుసు. ఎవడు దోసిలి పట్టి తాగుతాడో, ఎవడు సగం తాగి సగం నెత్తిన పోసుకుంటాడో, ఎవడు పక్కవాడు తాగిందాకా ఆగుతాడో, అన్నీ తెలుసు.

ఇలా ఉండగా పోరు వచ్చింది. మూడు రోజుల నడక దూరంలో ఏటి రేవు ఉంది. శత్రువులు ఆ రేవు దాటకుండా ఆపాలి. పెద్ద బంట్లంతా వేరే దిక్కున ఉన్నారు. మిగిలింది ఈ ఇరవై ఒక్కరే.

పొద్దున్నే వాళ్ళు కోటవాకిట్లో వరసగా నిలబడ్డారు. కోటకు పెద్ద దళవాయి నరసరాజు. పైన మేడమీద చుట్టాలతో పాచికలు ఆడుతున్నాడు. కింద ఇరవై ఒక్క చేతులు లేచాయి. అరచేతులు తెరుచుకున్నాయి. కళ్ళు మేడవైపు చూశాయి.

మొదటి నగారా మోగింది. దళవాయి తల తిప్పలేదు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి.

రెండో నగారా మోగింది. పైన ఎవరో పందెం గెలిచారు, నవ్వులు వినబడ్డాయి. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి.

మూడో నగారా మోగింది. మూడోది మోగితే కదలాల్సిందే. బసప్ప గొంతు ఆ రోజు కొండదాకా పోలేదు. "దించండి నాయనా," అన్నాడు.

అదే వేళకు ఈరవ్వ కుండతో వాకిలి దాటుతోంది. వరస చివరన ఉన్న కదిరప్ప ఆమెను చూశాడు. చెయ్యి ఇంకా దించలేదు.

"అవ్వా, మా సలాము ఎవరూ అందుకోలేదే," అన్నాడు.

ఈరవ్వ రెండు చేతులూ కుండమీద ఉన్నాయి. "పోయి రా నాయనా," అంది. వాడు చెయ్యి దించి వెళ్ళిపోయాడు.

పదిరోజులకు కబురు వచ్చింది. రేవు నిలిచింది. శత్రువులు వెనక్కి పోయారు. ఇరవై ఒక్కరిలో ఒక్కడూ మిగల్లేదు. రేవులో చేపలు పట్టే బెస్తవాళ్ళు వాళ్ళను గట్టుమీద పూడ్చి, ఒక్కొక్కరికి ఒక్కో రాయి పెట్టారట.

ఆ పూట ఈరవ్వకు కుండ ఎత్తుకోవడానికి చేతులు రాలేదు. ఆ పొద్దున కుండ దించి కదిరప్ప సలాము అందుకోవడానికి ఎంతసేపు పట్టేది? ఎవరు వద్దన్నారు? నియమం అక్కర్లేదంది కానీ, వద్దనలేదే. ఆ బయల్లో కూర్చుని, తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది.

తర్వాత దళవాయి దగ్గరికి పోయింది. "దొరా, రేవుకు రండి. పిల్లల సలాము అందుకోండి." దళవాయి నవ్వాడు. "చచ్చినవాళ్ళకు సలాములేంటే?"

మర్నాడు మళ్ళీ పోయింది. "దొరా, వాళ్ళు చెయ్యి ఎత్తింది బతికున్నప్పుడే." దళవాయికి కోపం వచ్చింది. భటులు ఆమెను మెట్లమీదనుంచి గెంటారు.

మూడోనాడూ పోయింది. నోరు తెరవకముందే దళవాయి అరిచాడు. "దీన్ని కోటలోకి రానివ్వకండి. నీళ్ళు మోయడానికి ఇంకొకరిని చూడండి."

ఈరవ్వ వెనక్కి తిరిగి నడిచింది. కుండ బసప్ప గుడిసె ముందు పెట్టింది.

"యాడికి, ఈరవ్వా?" అన్నాడు బసప్ప.

"రేవుకు."

"నువ్వు అందుకుంటే సరిపోతుందా? నువ్వు దళవాయివి కాదే."

"కాదు. కానీ కదిరప్ప అడిగింది నన్నే."

మూడు రోజుల దారి ఆమెకు ఏడు రోజులు పట్టింది. కాళ్ళు వాచాయి. దారిలో జ్వరం తగులుకుంది. రేవు చేరేసరికి మనిషి సగమైంది. గట్టుమీద ఇరవై ఒక్క రాళ్ళున్నాయి. ఏ రాయి కింద ఎవడున్నాడో బెస్తవాళ్ళకు తెలియదు.

మొదటి రాయి ముందు నిటారుగా నిలబడింది. అరచెయ్యి తెరిచి నుదుటిదాకా ఎత్తింది. "నాగులూ, అందింది నాయనా. నువ్వు నాగులు కాకపోతే పక్కవాడికి చెప్పు." చెయ్యి దించింది. రెండో రాయికి జరిగింది. "వెంకోబా, అందింది నాయనా." అలా ఒక్కొక్క రాయికీ ఒక్కొక్క పేరు. బెస్త ఆడవాళ్ళు గంజి తెచ్చారు, ముట్టలేదు. కూర్చోమన్నారు, కూర్చోలేదు. చివరి రాయి దగ్గరికి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

"కదిరప్పా, అందింది నాయనా. ఆలస్యమైంది."

చెయ్యి దించి, ఆ రాయికే ఆనుకుని కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఆమెను కూడా అక్కడే పూడ్చారు. ఇరవై రెండో రాయి పెట్టారు.

కబురు కోటకు చేరింది. ఏ నీళ్ళమనిషో చేసిన పని తాను చెయ్యలేదని జనం గుసగుసలాడుకుంటుంటే దళవాయికి వినక తప్పలేదు. గుర్రమెక్కి రేవుకు వచ్చాడు. వెనక బండిలో బసప్ప వచ్చాడు. దళవాయి ఇరవై రెండో రాయి ముందు నిలబడి చెయ్యి ఎత్తాడు. అరచెయ్యి తెరిచాడు. ఎదుటివాళ్ళు అందుకునేదాకా దించకూడదు. అది అతనికీ తెలుసు.

ఎండ ముదిరింది. గుర్రం అసహనంగా నేల తవ్వింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. భుజం వణికింది, మొహం మీదుగా చెమట కారింది.

చివరికి బసప్ప అన్నాడు. "దించండి దొరా. అవ్వ ఇంక అందుకోదు."

దళవాయి చెయ్యి దించాడు. ఆ తర్వాత అతను ఏమయ్యాడో ఎవరూ చెప్పుకోరు. అతని పేరు కూడా ఈ కథ చెప్పేటప్పుడే వస్తుంది.

ఆ సీమలో ఇప్పటికీ, కొత్తగా చేరిన పిల్లలు మొదటిసారి సలాము చేసినరోజు, నేర్పే పెద్దాయన వరస ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడుస్తాడు. ఎంతమంది ఉన్నా సరే, ఒక్కొక్కరి ముందు ఆగి, కళ్ళల్లోకి చూసి, ఒక్కొక్కరికీ చెయ్యి ఎత్తుతాడు. తొందరలో ఎవరినైనా దాటిపోతే ఆ పిల్లవాడు చెయ్యి దించడు. దించమని ఎవరూ అనరు. పక్కవాళ్ళు మాత్రం మెల్లగా అంటారు: "అయ్యా, ఈరవ్వను మళ్ళీ నడిపించొద్దు."

పెద్దాయన వెనక్కి వస్తాడు.