ఫైనల్ రోజు తెరిచిన కిటికీలు

రేవుపట్నంలో మే నెల వచ్చిందంటే జంతువులన్నీ నాలుకలు బయటపెట్టుకునే తిరుగుతాయి. సముద్రం పక్కనే ఉన్నా ఆ ఊరికి దక్కేది ఉక్కపోతే. పొద్దున ఆరేసిన తువ్వాలు సాయంత్రానికీ చెమ్మగానే ఉంటుంది. అలాంటి ఊళ్లో, అలాంటి నెలలో, ఏడు అడవుల పూల్ పోటీ పెట్టారు. పచ్చగుడ్డ పరిచిన బల్ల మీద కర్రతో బంతులు కొట్టి, అంచుల్లోని జేబుల్లో పడేసే ఆట అది.

పోటీని పట్టుబట్టి ఊరికి తెచ్చింది ఆటల కమిటీ ప్రెసిడెంటు జంబన్న నక్క. ఊరి ఆటల హాల్లో బల్లలు చూసుకునేది బసవయ్య అనే ముసలి ఎద్దు. పన్నెండేళ్లుగా ఆ గుడ్డకు రోజూ బ్రష్షు పట్టి ఇస్త్రీ చేసేది అతనే. గుడ్డ చెమ్మ పీలిస్తే బంతి ఈడ్చుకుంటూ నడుస్తుంది, పొడిగా ఉంటే జారిపోతుంది. అందుకని పోటీ మొదలైన నాటి నుంచి హాల్లో ఏసీలు ఒక్క గంట కూడా ఆపనివ్వలేదు బసవయ్య.

ఫైనల్‌కి ఇద్దరు మిగిలారు. ఒకరు మెట్టసీమ నుంచి వచ్చిన ఓబులేసు అనే కొండముచ్చు. రెండోది ఊరి పిల్ల, తాయారు అనే పిల్లి. రేవు పక్క రేకుల షెడ్డులో, చెమ్మపట్టిన పాత బల్ల మీద ఆట నేర్చుకుంది తాయారు. ఆమెకు మొదటిసారి కర్ర పట్టుకోవడం చూపించింది బసవయ్యే.

ఫైనల్ మధ్యాహ్నం మూడింటికి. పదకొండు గంటలకు జంబన్న హాల్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"బసవయ్యా, ఏసీలు ఆపెయ్. తూర్పు కిటికీలన్నీ తెరిచెయ్."

"అదేంటయ్యా! సముద్రపు గాలి తగిలితే గుడ్డ మెత్తబడిపోద్ది."

"మెత్తబడాలనే! ఆ కొండముచ్చుకి పొడి బల్ల అలవాటు. మన తాయారుకి తడి బల్ల అలవాటు. ఊరికి కప్పొస్తే నీకు చేదా?"

బసవయ్య మనసు ఒక్క క్షణం తూగింది. తాయారు చేతిలో కప్పు చూడాలని అతనికీ ఉంది. కానీ తల అడ్డంగా ఊపాడు. "నిన్నటి దాకా ఒక బల్ల, ఇవాళ ఇంకో బల్లా? తప్పయ్యా. పైగా ఏడొందల మంది కూర్చుంటారు, ఏసీ లేకపోతే పడిపోతారు. గాలి కూడా పడమటి నుంచి వీచేలా ఉంది, ఆకాశం చూశారా?"

"నువ్వు నాకు గాలి పాఠాలు చెప్పకు. చేతకాకపోతే తాళాలిచ్చి పో."

బసవయ్య మెడలోని తాళాలగుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. అయినా ఇంటికి పోలేదు. వచ్చేవాళ్లకు నీళ్లయినా ఇవ్వాలని గుమ్మం దగ్గర కుండలు నింపుకుంటూ నిలబడ్డాడు.

జంబన్న ఏసీలు తనే ఆపాడు, కిటికీలు తనే తెరిచాడు. ఏసీలు చెడిపోయాయని అందరికీ చెప్పాడు. తాయారుని మాత్రం పక్కకు పిలిచి, "ఇవాళ బల్ల బరువుగా ఉంటుందమ్మా, గట్టిగా కొట్టు," అన్నాడు. ప్రెసిడెంటు గారి మాట కదా అని ఆమె నమ్మింది.

సముద్రపు గాలి రాలేదు. ఒంటిగంటకు పడమటి నుంచి వడగాలి లేచింది. పడమటి తలుపులోంచి దూరి తూర్పు కిటికీల్లోంచి పోతూ, దారిలో ఉన్న చెమ్మంతా పీల్చేసింది. మూడింటికల్లా హాలు కొలిమిలా ఉంది, గుడ్డ అప్పడంలా ఎండింది.

తాయారు గట్టిగా కొట్టింది. కొట్టిన తెల్లబంతి బల్ల దాటి నేల మీద పడి, ఆ ఆట పోయింది. రెండో ఆటలోనూ అంతే. తొమ్మిది ఆటలు ముందు గెలిచినవాళ్లదే కప్పు. ఓబులేసు ఐదు గెలిచేసరికి ఆమెకు ఒక్కటీ లేదు. అంతలో మూడో వరుసలో ఒక ముసలి గొర్రె స్పృహ తప్పి ఒరిగిపోయింది. బసవయ్య పరుగున వెళ్లి, ఆమెను వీపు మీద వేసుకుని నీడకు చేర్చి నీళ్లు చల్లాడు. ఆమె కళ్లు తెరిచేదాకా పక్కనే ఉన్నాడు.

తిరిగొచ్చేసరికి తాయారు ఎదురొచ్చింది. కళ్లలో నీళ్లు నిలిచాయి. "పెద్దయ్యా, బల్లకేమైంది? నువ్వు అబద్ధం చెప్పవు."

జంబన్న దూరం నుంచి కళ్లురిమాడు. రిఫరీ కొంగ మెడ సాచింది. హాలంతా చూస్తుండగా బసవయ్య జరిగింది జరిగినట్టు చెప్పాడు.

ఓబులేసు కర్ర పక్కన పెట్టాడు. "పాపా, నీ తప్పేం లేదు గదా. కిటికీలు మూసి, ఏసీ మిషన్లు పెట్టిచ్చి, రేపు మళ్లా మొదట్నించీ ఆడదాం. నాకేం తొందర లేదు."

తాయారు తన కర్ర చేతిలోకి తీసుకుంది. "వద్దు మావా. మా ఊరి తప్పుకి నువ్వు గెలిచిన ఆటలు పోగొట్టుకోవడమేంటి? ఆడదాం."

ఆమె మెల్లగా కొట్టడం నేర్చుకుంటూ నాలుగు ఆటలు గెలిచింది. అయినా తొమ్మిది గెలుపులు ముందు దక్కింది ఓబులేసుకే. కప్పు తీసుకునేటప్పుడు అతని మొహంలో నవ్వు లేదు.

రిఫరీ కొంగ అక్కడికక్కడే తీర్పు చెప్పింది: "రేవుపట్నానికి ఇక పోటీ ఇవ్వం." కమిటీ జంబన్నను కుర్చీ దింపేసింది. అతను తాయారు దగ్గరకొచ్చి, "నీ కోసమే కదమ్మా చేశాను," అన్నాడు.

"పొడి బల్ల మీదే నేను ఫైనల్ దాకా వచ్చాను ప్రెసిడెంటు గారూ," అంది తాయారు. "ఇవాళా గెలిచేదాన్నేమో. ఆ సంగతి ఇక ఎప్పటికీ తెలీదు."

జంబన్న తోక కాళ్ల మధ్య పెట్టుకుని, తను తెరిచిన కిటికీల ముందు నుంచే బయటికి నడిచాడు.

తనవాళ్లను గెలిపించాలని ఆటను వంచినవాడు, వాళ్ల చేతికందే గెలుపునే లాగేసుకుంటాడు.