జాజిపావురానికి వైరాగ్యం

ఎంత గట్టిగా కళ్ళు మూసుకుని ధ్యానానికి కూర్చున్నా విధికుడికి మనసు శ్వాస మీద నిలిచేది కాదు. సిరి కనబడేది.

సిరి అతని కూతురు. ఘంటసాల రేవులో అక్కగారి ఇంటి అరుగు మీద దాన్ని కూర్చోబెట్టి, "రేపొస్తానమ్మా" అని చెప్పి ఓడెక్కినప్పుడు దానికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. అంతకు కొన్నాళ్ళ ముందే పెళ్ళాం జ్వరంతో పోయింది. ఆ దుఃఖంలో విధికుడికి లోకం మీద విరక్తి పుట్టింది. ఓడలో చుక్కాని పట్టే కొలువు వదిలేసి, తూర్పు సముద్రంలో ఈ చిన్న దీవిలో దిగిపోయి, ఇక్కడ ఒంటరిగా ఉంటున్న ధనగిరి అనే ముసలి భిక్షువు కాళ్ళ మీద పడ్డాడు. ఏళ్ళు గడిచినా పిల్లకి చెప్పిన ఆ రేపు మాత్రం ఇంతవరకూ రాలేదు.

ఇప్పుడు దీక్ష దగ్గరపడింది. గాలి తిరగగానే వచ్చే ఓడలో పెద్ద భిక్షువులు వస్తారు. వాళ్ళ ఎదుట కూర్చుని పూర్తి దీక్ష తీసుకుంటే ఇక ఇల్లూ లేదు, ఇంటి తలపూ ఉండకూడదు. ఓడ రోజులు దగ్గరయ్యేకొద్దీ విధికుడికి సిరి మరీ ఎక్కువగా గుర్తొస్తోంది.

"భంతే, ఈ బెంగ పోయే దారి చెప్పండి" అన్నాడు ఒక ఉదయం. భిక్షువుల్ని అలాగే పిలుస్తారు. "బంధం తెగకుండా దీక్షకి ఏ మొహంతో కూర్చోను?"

ధనగిరి అతని చేతికి చీపురిచ్చాడు. "జాజికాయలు ఊడ్చుకురా నాయనా. ఎండెక్కుతోంది."

ఆ దీవిలో జాజిచెట్టు ఒక్కటీ లేదు, కాయలు మాత్రం గంపలకొద్దీ దొరుకుతాయి. తెచ్చేవి పావురాలు. మన గుళ్ళలో గూళ్ళు కట్టే బూడిదరంగువి కావు. పెరుగులా తెల్లగా ఉండి రెక్కల అంచులు మసిబారినట్టుండే అడవి పావురాలు. పండ్లు జలసంధికి అవతల పెద్దదీవి అడవుల్లో ఉన్నాయి. కానీ అక్కడ పాములు, పిల్లులు. అందుకని గూళ్ళు ఇక్కడ పెట్టుకుని, పొద్దున్నే గుంపులుగా సముద్రం దాటిపోయి, సాయంత్రానికి తిరిగొస్తాయి. జాజికాయని అమాంతం మింగి, మీది జాపత్రిని అరిగించుకుని, గింజని చెట్లకింద వదిలేస్తాయి. గురుశిష్యులు వాటిని ఊడ్చి ఎండబెడితే ఓడవాళ్ళు పట్టుకెళ్ళి బదులుగా బియ్యం ఇచ్చిపోతారు.

ఊడుస్తూ ఊడుస్తూ విధికుడు తలెత్తాడు. చేతికందే కొమ్మ మీద నాలుగు పుల్లల గూడు. అందులో ఒకే ఒక్క పిల్ల. ఈ పావురాలు ఒక్క గుడ్డే పెడతాయి. తల్లీ తండ్రీ మేతకి పోయాయి.

అతనికి ఆ పక్షుల మీద జాలేసింది. ఈ ఒక్క పిల్ల కోసం కదా పాపం రోజూ అంత సముద్రం ఈదినట్టు ఎగిరి రావడం! ఇది లేకపోతే ఆ పండ్ల అడవిలోనే హాయిగా ఉండవూ? బంధమంటే ఇదే. తాను దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు, తన బెంగ తీర్చుకోలేనివాడు పావురానికి వైరాగ్యం ఇప్పించడానికి పూనుకున్నాడు. పిల్లని మెల్లగా తీసి, తన భిక్షాపాత్రలో ఆకులు పరిచి, అందులో పెట్టుకుని కుటీరానికి తెచ్చాడు. నిజం చెప్పాలంటే, దాన్ని రెండు చేతులతో పట్టుకున్నప్పుడు అతని ప్రాణానికి ఎంతో సుఖంగా ఉంది.

గంజి పట్టబోతే అది ముక్కు బిగించుకుంది. పండు నలిపి పెట్టినా తినలేదు. ఎండ దిగేసరికి మెడ వాల్చేసింది.

పొద్దు వాలుతుండగా పావురాలు వచ్చాయి. ఆ గూటి జంటలో ఒకటి చెట్టు చుట్టూ తిరిగి తిరిగి పక్క కొమ్మ మీద వాలింది. రెండోది ఖాళీ పుల్లల మీదే కూర్చుంది. నిండుగా మేసి వచ్చిందేమో, గొంతుకింద సంచి ఉబ్బి ఉంది. మెడ ముందుకు సాచి, ముక్కు కొద్దిగా తెరిచి, కింద ఎవరికో అందిస్తున్నట్టు వంగింది. అక్కడ ఎవరూ లేరు. మళ్ళీ వంగింది. ఆ తర్వాత దాని కడుపులోంచి ఊఁ... ఊఁ... అని ఒక మూలుగు మొదలైంది.

విధికుడు అక్కడ నిలబడలేక కుటీరంలోకి వచ్చేశాడు. లోపల ధనగిరి భిక్షాపాత్రలోకి చూస్తున్నాడు.

"ఇదేమిటి నాయనా?"

"దాని బంధం తెంచుదామని..." అన్నాడు విధికుడు. తను అన్నది తనకే ఎలాగో వినిపించింది.

"తెగిందా?"

విధికుడు బయట వినిపిస్తున్న మూలుగుకేసి చూశాడు.

"నువ్వు గూడు ఖాళీ చేశావు. దాని గొంతు నిండుగానే ఉంది" అన్నాడు ముసలాయన. కోప్పడలేదు. పొద్దుటి అన్నంలోంచి ఒక ముద్ద తీసి నోట్లో వేసుకున్నాడు.

విధికుడు అదిరిపడ్డాడు. మధ్యాహ్నం దాటాక భిక్షువు మెతుకు ముట్టకూడదు. "భంతే! పొద్దు వాలింది!"

"మింగడం లేదుగా" అన్నాడు ధనగిరి నిండిన నోటితో. కాసేపు దవడలు ఆడించి తల అడ్డంగా ఊపి, ముద్దని ఆకులో ఉమ్మేశాడు. "నాకు పళ్ళేవి? నువ్వు నములు. ఇవి వేళ్ళతో పెడితే తినవు. తల్లి గొంతులోంచే తీసుకుంటాయి."

విధికుడు అన్నమూ అరటిపండూ కలిపి మెత్తగా నమిలాడు. పిల్లని మొహం దగ్గరికి తెచ్చుకుని పెదాలు విప్పాడు. వాలిన మెడ కదిలింది. పెదాల మధ్య తడుముకుంది. ఒక్కసారిగా ముక్కంతా లోపలికి దూర్చి నాలుక మొదలుదాకా పొడిచి, ఒళ్ళంతా వణుకుతూ తినడం మొదలుపెట్టింది. అతనికి వాంతి వచ్చినంత పనైంది. అయినా నోరు మూయలేదు.

పెళ్ళాం పోయాక సిరికి అతనే అన్నం నమిలి పెట్టేవాడు. ఆలస్యమైతే అది రెండు చేతులతో అతని పెదాలు పట్టి లాగేది. ఆ వేళ్ళ ఉప్పదనం ఇప్పుడు నోటికి తగిలింది. కన్నీళ్ళు కారి పావురంపిల్ల తలమీద పడుతుంటే, అతను నములుతూ, పెడుతూ, ఏడుస్తూ కూర్చున్నాడు.

తెల్లవారుతూనే పిల్లని గూట్లో పెట్టేశారు. గుంపులన్నీ సముద్రం మీదికి లేచిపోయాయి. రాత్రి ఖాళీ గూట్లో మూలిగిన పావురం మాత్రం పక్క కొమ్మ మీదే ఉంది. గూట్లో కదలిక చూసి దిగింది, మెడ సాచింది. పిల్ల దాని గొంతులోకి తల దూర్చేసింది. ఆ తర్వాతే అది రెక్కలు దులుపుకుని పెద్దదీవి వైపు ఎగిరింది.

గాలి తిరిగింది. ఓడ వచ్చింది. పెద్ద భిక్షువులు ఇసుకలో చాపలు వేసి కూర్చున్నారు. విధికుడు గుండు గీయించుకుని, చేతులు జోడించి వాళ్ళ ముందు మోకరిల్లాడు. దీక్షకి ముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటిని అందరినీ ఒకేలా అడుగుతారు.

"అంటురోగం ఏదైనా ఉందా?"

"లేదు భంతే."

"రాజు కొలువులో ఉన్నావా?"

"లేదు భంతే."

"ఎవరికైనా దాసుడివా?"

"కాదు భంతే."

అడగవలసినవి అయిపోయాయి. అప్పుడు వెనక కూర్చున్న ధనగిరి గొంతు సవరించుకున్నాడు. "నేనొకటి అడగవచ్చా? ఇది నియమాల్లో లేదు."

పెద్ద భిక్షువులు తలూపారు.

"విధికా, నీ కోసం నోరు తెరుచుకుని ఎవరైనా ఉన్నారా?"

లేదు అనడానికే విధికుడు నోరు తెరిచాడు. ఆ మాట రాలేదు. జోడించిన చేతులు మెల్లగా ఒళ్ళోకి జారిపోయాయి.

"నేను పనికిరాను భంతే" అన్నాడు చివరికి.

ధనగిరి చాప మీంచి కష్టంగా లేచి వచ్చాడు. ఆయనకి ఆ దీవిలో ఉన్నది ఈ ఒక్క శిష్యుడే. ఆ గుండు మీద చెయ్యి వేసి కాసేపు తియ్యలేదు.

"ఓడ రేపు తిరిగి పోతుంది. వెళ్ళి, పెట్టి రా."

విధికుడు ఇన్నేళ్ళుగా ఎవరినీ అడగలేని మాట అప్పుడు పైకి వచ్చింది.

"అది నన్ను గుర్తుపట్టకపోతే?"

"అయినా పెట్టు" అన్నాడు ధనగిరి.