తుడిచేసిన ఆకు

"భంతే, ఈ పాత ఆకులు ఈ కాలంలో ఎవరికి పనికొస్తాయి?" అని శిష్యుడు ఉత్తియ అడిగితే, గురువు సుమేధ భంతే "చూద్దాం" అన్నారు. ఏ ప్రశ్నకైనా ఆయన ముందుగా అనే మాట అదే. ఆ చూడ్డం ఎప్పటికి పూర్తవుతుందో మాత్రం చెప్పరు.

కృష్ణ ఒడ్డున కొండమీదున్న ఆ విహారంలో మర్నాడే బౌద్ధ తాళపత్రాల ప్రదర్శన. ప్రతులన్నీ ఏటి అవతలి విహారం నుంచి ఎరువు తెచ్చినవి. "ఒక్క ఆకు చెడినా అన్నీ వెనక్కి పట్టుకుపోతాను" అని హెచ్చరించి మరీ ఇచ్చారు అక్కడి పెద్ద భిక్షువు మహానామ థేరులు. వాటికి పూచీ పడినవాడు ఉత్తియ.

భిక్షువై కాషాయ చీవరం కట్టకముందు ఉత్తియ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాడు. లోకాన్ని వదిలాడు గానీ తుడిచే గుడ్డను వదల్లేదు. మరక కనిపిస్తే చాలు, బుద్ధుణ్ణి పరీక్షించిన ఆ మారుడే ఎదురొచ్చినట్టు మీద పడేవాడు. ప్రదర్శన నాటి పొద్దున, అద్దాల పెట్టెలో పెట్టబోయే ఆకొకటి మరీ మసిబారినట్టు తోచింది. దూదికి నిమ్మగడ్డి నూనె అద్ది తుడిచాడు. మెరిసింది. ఇంకాస్త తుడిచాడు. ఇంకా మెరిసింది. చివరికి ఒక్క అక్షరమైనా లేకుండా నున్నగా తేలింది.

ఉత్తియ చేయి తనకు తెలియకుండానే తన బోడిగుండు మీదికి పోయింది.

ఆకును చీవరంలో దాచాడు. భోజనం గంట మోగినా కదల్లేదు. మధ్యాహ్నం దాటితే భిక్షువుకు మళ్లీ మర్నాటిదాకా మెతుకు లేదు. అయినా ముద్ద దిగే గొంతా అది?

గేటు దగ్గర జనం పోగవుతుండగా మహానామ థేరులు వచ్చారు. నేరుగా ఖాళీ పెట్టె ముందే ఆగారు.

"ఇందులో ఆకేదీ?"

ఉత్తియ దాన్ని చీవరంలోంచి బయటికి తీశాడు. "శుభ్రం చేద్దామని... నేనే తుడిచేశాను, భంతే."

థేరుల మొహం కందగడ్డ అయింది. "బాగుపడింది! చంటిపిల్లాడికి చర్మం ఊడేదాకా నలుగు పెట్టినట్టుంది. సుమేధా, ప్రతులన్నీ కట్టించు. ఇతని చీవరం కూడా విప్పించు."

సుమేధ భంతే దీపం మీది మసిని వేలితో గీకి, నూనెచుక్కలో కలిపి, ఆ ఆకంతా నల్లగా పులిమేశారు.

"భంతే!" అంటూ ఉత్తియ ఆకు కోసం చెయ్యి చాచాడు. ఉన్నదీ పోయిందనుకున్నాడు.

"గంటం గీతలు అరిగిపోకుండా ఉంటే మసిని పట్టుకుంటాయి," అన్నారు థేరులు ఉత్తియతో కటువుగా. "అరిగిపోయుంటే, నువ్వు పోగొట్టింది మళ్లీ రాదు."

సుమేధ భంతే గుడ్డతో మెల్లగా తుడిచారు. ఏమీ లేదు. మరోసారి తుడిచారు. ఓ మూల చీమంత నలుపు నిలిచింది. దాని పక్కన ఇంకొకటి. ఉత్తియ ముందుకు వంగాడు. వరస వెంట వరస, అక్షరాలు ఆకులోంచి లేచి వచ్చాయి.

మసి పూసిన ఆకును పెద్దవారు గొంతెత్తి చదివి అర్థం చెప్పాలన్నది ఏటి అవతలి ఆచారం. ఎంత కోపంలోనూ థేరులు దాన్ని తప్పరు. పాళీ భాషలో చదివి, తెలుగులో మొదలుపెట్టారు.

"తప్పు చేసినవానికి ముందు అన్నం..." ఆగారు. గొంతు సవరించుకున్నారు. "ముందు అన్నం పెట్టవలెను. విచారణ వాని కడుపు నిండిన పిదప."

ఆకు కూడా శత్రుపక్షంలో చేరిందన్నట్టు దానికేసి కాసేపు గుర్రుగా చూశారు. తర్వాత గుమ్మంలోని ఎండను చూశారు.

"ఇతను తిన్నాడా?"

ఉత్తియ తల అడ్డంగా ఊపాడు.

"పొద్దు తిరక్కముందే పెట్టండి," అని, ఆకును తన చేత్తోనే అద్దాల పెట్టెలో పెట్టి, గేటు తీయమన్నారు.

అన్నం పాత్ర ఒళ్లో పెట్టుకుని ఉత్తియ మెల్లగా అన్నాడు: "భంతే, నిన్న నేనడిగిన ప్రశ్న..."

సుమేధ భంతే చేతి మసి కడుక్కుంటూ, "ముందు తిను నాయనా," అన్నారు. "విచారణ ఇంకా ఉంది."