గుండుతల్లి తలనీలాలు

నందిమెట్ట క్రాసు దగ్గర బస్సు దిగి తూర్పుగా నడిస్తే చూపు ఆనినంత దూరం గడ్డే కనిపిస్తుంది. ఆ బయలు నడుమ ఉన్న చిన్న ఊరే గుండుతల్లి బయలు. వానలు పడ్డాక జింకల మందలను, గడ్డిలో తలెత్తి నడిచే బట్టమేక పిట్టలను చూడవచ్చినవారు కూడా తల్లిని దర్శించుకునే వెళతారు. కొత్తగా వచ్చిన భక్తులు మొదట అడిగే మాట, "కల్యాణకట్ట ఎక్కడండీ?" అని. ఇక్కడ అది లేదు. ఈ క్షేత్రంలో భక్తులు తలనీలాలు ఇవ్వరు. ఎందుకివ్వరో తెలియాలంటే మద్దమ్మ కథ వినాలి.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. ఎండాకాలం కురువలు గొర్రెలను తోలుకొచ్చి దిగేవారు. ఇక్కడి రాళ్లగట్టుకు పడమట నిలువెత్తు గడ్డి ఉండేది. అది అమ్మవారి జుట్టని వారి నమ్మకం. పోచ తెంపేవారు కారు, గొర్రెను మూతి పెట్టనిచ్చేవారు కారు. వారి పూజారి ఈరప్ప ఇక్కడున్నన్నాళ్లూ రోజూ దాని అంచున దీపం పెట్టేవాడు. ఆయన కోడలే మద్దమ్మ.

ఒక ఏడు ఆ గడ్డికి పడమటి అంచున చూలు గొర్రెలను మామాకోడళ్లకు అప్పగించి మిగతావారు మందతో ముందుకు సాగారు. మధ్యాహ్నం మద్దమ్మకు కునుకు పట్టింది. కలలో ఒక ముసలమ్మ మడమల దాకా జుట్టు విరబోసుకుని కూర్చుంది.

"మోయలేకుండా ఉన్నానే. తీసెయ్యి."

"కత్తి లేదు గదమ్మా."

"కత్తెందుకు? పొయ్యిలో నిప్పుంది గదా."

ఉలిక్కిపడి లేచేసరికి పొగ వాసన. పడమటి గాలికి బీడంతా అంటుకుని మంట ఇటే వస్తోంది. చూలు గొర్రెలు పరుగెత్తలేవు. మద్దమ్మ పొయ్యిలో కొరివి లాగి అమ్మవారి గడ్డి వైపు నడిచింది.

ఈరప్ప అడ్డం పడ్డాడు. "మతిగాని పోయిందా? అమ్మ జుట్టుకు నిప్పు పెడతావా?"

"కల్లోకొచ్చి అమ్మే పెట్టమనింది మామా."

"ఇన్నేండ్లు దీపం పెట్టినోడికి కనపడని తల్లి నీకు కనపడిందా?"

"నువ్వు పగలు నిద్రపోవు గదా మామా."

ఈరప్ప మంట వైపు చూశాడు, గొర్రెల వైపు చూశాడు. చెయ్యి చాచాడు. "కొరివి ఇటియ్యి. పాపమైతే ముసలోడికి తగలనీ."

"అడిగింది నన్ను" అంటూ మద్దమ్మ తానే అంటించింది.

జుట్టు భగ్గుమని లేచి, గాలి వెంట తూర్పుకు పోయి, రాళ్లగట్టు దగ్గర ఆరిపోయింది. వెచ్చటి మసిలోకి ఇద్దరూ గొర్రెలను తోలుకొచ్చి నిలబెట్టారు. వెనక వచ్చిన పెద్ద మంటకు అక్కడ తినడానికేమీ దొరకలేదు. రెండు పాయలై పక్కలనుంచి పోయింది. పొగ విడిచాక మసి నడుమ నున్నటి గుండ్రాయి కనిపించింది, అప్పుడే గుండు చేయించుకున్న తలలాగా. దాని పక్కనే ఒక గొర్రె ఈనింది.

ఈరప్ప ఆ గొర్రె పాలు దోసిట్లో పిండి రాతి మీద పోశాడు. "అమ్మకు తల చురచురలాడుతుంటుందమ్మీ" అన్నాడు. అప్పుడు ఏడ్చింది మద్దమ్మ.

తొలివానకు ఆ మసిలోంచే పచ్చిక లేచింది. మద్దమ్మ ఇక వలస పోనని అక్కడే గుడిసె వేసుకుంది. ఊరు అలా మొదలైంది.

ఇప్పటికీ ఎండలు ముదరకముందే ఆ ఇంటి కోడలు అమ్మవారి గడ్డి అంటిస్తుంది. మనకోసం తల్లే తలనీలాలిచ్చిన చోట మనం ఇవ్వనక్కరలేదు. గుండె బరువుతో వచ్చినవారు నొసట మసి పెట్టుకుని, రాతి మీద గొర్రెపాలు పోసి, "చల్లబడిందా తల్లీ?" అని అడుగుతారు. అడిగినవారికే చల్లబడుతుందని ఇక్కడివారి నమ్మకం.