అతుకు లేని వీణ

ఒకానొక సంస్థానంలో ఒక అలవాటు ఉండేది; ఇప్పుడది లేదు. ప్రతి శనివారం సాయంత్రం నరసింగ భూపతి, ఆయన కొలువులోని చమత్కారి పేరన్న ఎదురెదురుగా విస్తళ్లు వేసుకుని పులిహోర తినేవారు. వృద్ధ వైణికుడు సన్యాసయ్య వారి పక్కన కూర్చుని వీణ వాయించేవాడు.

ఒక వేసవిలో రాజావారికి ఇంగ్లీషు పిచ్చి పట్టుకుంది. ఒక శనివారం ఉదయం నిండుకొలువులో మీసం దువ్వుతూ అడిగారు:

"డిసెక్టు. ఈ క్రియకు అర్థం తెలిసినవారున్నారా ఇక్కడ?"

జవాబు కోసం ఆగకుండా తామే చెప్పారు:

"పూర్వం రోమువారి భాషలో పుట్టిన మాట. మొదటి భాగానికి 'వేరుగా' అని, రెండవదానికి 'కోయుట' అని అర్థం. కోసి, వేరుచేసి, లోపలి సంగతి తెలుసుకోవడమన్నమాట. రేపు సన్యాసయ్య వీణను డిసెక్టు చేయిస్తాం. నాదం ఎక్కడ దాగిందో చూడాలి."

సన్యాసయ్య చేయి వీణ మీదికి వెళ్లింది. అది ఆయన తాతగారు ఒకే పనసమానును తొలిపించి చేయించిన ఏకాండి వీణ. గుండ్రని కుండకూ పొడవాటి దండికీ మధ్య అతుకన్నది లేదు. కోస్తే మళ్లీ కూర్చడం ఏ వడ్రంగి వల్లా కాదు. ఆ మాట పైకి అనే ధైర్యం ఆయనకు లేకపోయింది.

పేరన్న ఆ చేతిని చూశాడు. కాదంటే రాజుకు పంతం పెరుగుతుందని అతనికి తెలుసు.

"దివ్యమైన ఆలోచన, ప్రభూ," అని నేరుగా వంటశాలకు నడిచాడు.

సాయంత్రం రాజుగారి విస్తట్లో ఒక మూల ఉత్త అన్నం, మరొక మూల నానబెట్టని చింతపండు, ఆ పక్కన పసుపు, పచ్చి ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ పలుకు, దొన్నెలో నూనె.

"ఇదేమిటయ్యా?"

"పులిహోర, ప్రభూ. డిసెక్టు చేయించాను. రుచి ఎక్కడ దాగిందో తమరే కనిపెట్టాలి."

రాజు కాస్త చింతపండు నోట వేసుకుని మొహం చిట్లించారు. "చాల్లే నీ వేళాకోళం. తీసుకుపోయి కలిపించు."

"చిత్తం. పులిహోరకైతే వంటవాడున్నాడు. అతుకే లేని వీణను కోశాక కలపడానికి రోమువారి మాట ఏదైనా ఉంటే సెలవియ్యండి, వడ్రంగికి చెబుతాను."

రాజు సన్యాసయ్య వైపు తిరిగారు. "అతుకు లేదా?"

"లేదు, మహాప్రభూ. ఒకటే మాను."

"పొద్దున్నే చెప్పలేదేం?"

"తమరు అర్థం చెబుతున్నారు కదా," అన్నాడు సన్యాసయ్య మెల్లగా.

రాజు పొట్ట పట్టుకుని నవ్వారు. తన శాలువా తీసి పేరన్నకు కప్పారు. పేరన్న దానిని మడిచి వీణ కింద మెత్తగా పెట్టాడు.

ఆ వారంలోనే రాజావారు దూరప్రయాణం వెళ్లారు. తిరిగి వచ్చేలోగా సన్యాసయ్య కన్నుమూశాడు. ఆ శనివారమే చివరిదని ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం మాత్రం వంటశాల నుంచి కలిపిన వేడి పులిహోర వచ్చింది. రాజు ఒక ఎండుమిరపకాయను ఏరి విస్తరి అంచున పెట్టారు.

"డిసెక్టు," అన్నాడు పేరన్న.

సన్యాసయ్య నవ్వి, తీగ సవరించి, వాయించడం మొదలుపెట్టాడు.