విస్తట్లోకి వచ్చిన దిబ్బ

ఆ వేసవిలో చంద్రకేతు మహారాజుకు సముద్రపుటొడ్డున విడిది కట్టించుకోవాలని బుద్ధి పుట్టింది. దానికో షరతు కూడా పెట్టాడు. "ఒక్క చెట్టు కొట్టకూడదు. తీరానికి చీమంత హాని జరగకూడదు."

"చిత్తం," అన్నాడు ఆస్థాన స్థపతి విశ్వంభరుడు. తనంతటివాడు ముల్లోకాల్లో లేడని ఆయన నమ్మకం. మిగతా రెండు లోకాల సంగతి మనకు తెలియదు.

మర్నాడే ఒడ్డున ఇసుకదిబ్బ సగం తవ్వించి, మొగలిపొదలు పెరికించాడు. పొద చెట్టు కాదు, దిబ్బ అసలు మొక్కే కాదు అని ఆయన వాదన. మిగతా సగం వెనకున్న జాలరుల పాకలు కంటికి ఇంపుగా లేవని, పౌర్ణమిలోగా వాళ్లనీ వెళ్లిపొమ్మన్నాడు.

రాజుగారి తాంబూలపు పెట్టె మోసే పైడయ్య మేనత్త నూకాలమ్మ ఉండేది ఆ పాకల్లోనే. కబురు వినగానే అతను అక్కడికి పరుగున వెళ్లాడు.

"ఇల్లు పీకీసి ఎక్కడికెల్తాంరా?" అంది నూకాలమ్మ. "ఆ దిబ్బ చాటునే కదా మేం కూడు తినీది."

పైడయ్య ఆ మాట పట్టుకుని తిన్నగా రాజు దగ్గరికి వచ్చాడు.

"ప్రభూ, స్థపతిగారు స్థలం అద్దంలా చేశారు. కట్టేముందు ఒక్క పూట అక్కడ భోంచేసి చూడండి."

విశ్వంభరుడు పొంగిపోయి, రాజు పక్కనే తనకూ విస్తరి వేయించుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం పప్పూ నెయ్యీ వడ్డించారు. సముద్రం మీంచి గాలి లేచింది. రాజు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు.

"ఏమిటిది, కరకరమంటోంది?"

"అప్పడం ప్రభూ," అన్నాడు స్థపతి.

"అప్పడాలు ఇంకా వడ్డించలేదు."

పైడయ్య వినయంగా వంగాడు.

"ఇసుకదిబ్బ ప్రభూ. మొన్న వెళ్లగొట్టారు కదా, పోవడానికి చోటులేక తమ విస్తట్లోకి వచ్చింది."

రాజు ముద్ద ఉమ్మేశాడు. "మరి ఈ ఒడ్డున జనం ఎలా తింటున్నారు?"

పైడయ్య ఆయన్ని మిగిలిన దిబ్బ వెనక్కి, నూకాలమ్మ పాకకు తీసుకెళ్లాడు. అక్కడ గాలి తల మీదుగా పోతోంది. తాటాకు కప్పు, మట్టి గోడ, చల్లటి నేల.

"కూకోండి బాబూ," అని ఆవిడ చేపల పులుసు పోసింది. రాజు మారు వడ్డించుకున్నాడు.

"నా విడిది ఈ పాకల వరసలోనే, ఇలాగే కట్టాలి. ఒక్క పాక కదలడానికి వీల్లేదు. ఏడీ విశ్వంభరుడు?"

పైడయ్య దిబ్బ పక్కనుంచి తొంగిచూశాడు. "ఇంకా అక్కడే తింటున్నారు ప్రభూ. లేస్తే స్థలం బాగాలేదని ఒప్పుకున్నట్టవుతుంది."

రాజుకు నవ్వీ నవ్వీ పొలమారింది. మెడలోని ముత్యాలహారం తీసి పైడయ్య మెడలో వేసి, తవ్విన చోట మళ్లీ ఇసుక నిలిచేలా మొగలిపిలకలు నాటే పని స్థపతికి అప్పగించాడు.