చేతుల వరస

ఈ సంగతి నాకు మొదట చెప్పింది బోని హైమ. నొప్పి ఎవరిదో ఆ మనిషే చెప్పింది కనక ఇందులో వంక పెట్టడానికి ఎవరికీ చోటు లేదు. తరవాత ఇంకొందరు కూడా చెప్పారు. వాళ్ళు చెప్పినదాన్లో హైమ మాటతో కలిసినంత మట్టుకే నేను తీసుకున్నాను.

లెంక సింహాచలం మేస్టారు విజయనగరం అవతల మా ఊళ్ళో బరువులెత్తడం నేర్పేవారు. ఆయనకొక అలవాటు. ఎవరేది అడిగినా అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. విన్నట్టు కూడా కనపడేవారు కాదు. అడిగినవాడు ఆ మాట మరిచిపోయాక ఏదో ఒక పని జరుగుతుండగా, ఆ పనే జవాబై ఎదురుగా నిలబడేది. పట్టుకోగలిగినవాడు పట్టుకునేవాడు. లేనివాడు రాడ్డెత్తుకుని పోయేవాడు.

హైమ ఆయన్ని అడిగింది విశాఖపట్నం నుంచి తిరిగొచ్చే బస్సులో. ఆ పిల్లకి కుడి మోకాటి చిప్ప కింద, పట్టీలాగా ఉండే నరం ఏడాదికి పైగా పాడై ఉంది. కూర్చుని లేస్తే సూదులు గుచ్చినట్టుండేది. నొప్పి మాత్ర వేసుకోవడం, మర్నాడు మళ్ళీ బరువు కిందికి దూరడం. దసరా వెళ్ళాక రాష్ట్రం సెలక్షన్లు ఉన్నాయి. మేస్టారే పట్నం తీసుకెళ్ళి చూపించారు. డాక్టరమ్మ ఆ పిల్ల చేతిలోంచి నెత్తురు తీసి, గొట్టంలో పోసి, గిర్రున తిరిగే మిషన్లో పెట్టింది. బయటికి తీసేసరికి ఎరుపంతా అడుక్కి దిగి, పైన తేరిన నెయ్యిలాంటిది నిలిచింది. ఆ పసుపుదాన్నే సూదిలోకి లాగి, తెరమీద చూసుకుంటూ, దెబ్బతిన్న చోటే ఎక్కించింది.

"డెంగీ వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లు పడిపోయాయంటారే, అవే ఇవి. గాయం దగ్గర ముందు పని మొదలెట్టేవి ఇవే. ఆ నరానికి నెత్తురు వెళ్ళేదే తక్కువ. అందుకని చిక్కగా చేసి అక్కడే పెట్టాను," అంది డాక్టరమ్మ. "అందరికీ పనిచేస్తుందని ప్రమాణం చెయ్యను. కొన్నాళ్ళు నొప్పి ఇప్పటికంటే ఎక్కువవుతుంది. భయపడకు. కానీ నొప్పి మాత్ర వెయ్యొద్దు. నూనె రాసి పిసికే పనులు అసలొద్దు. ఇప్పుడు చెడగొట్టుకున్నావంటే, రేపు ఆ నరం తెగిందంటే, బరువు మాట మరిచిపోవడమే."

పిసికే పనులు వద్దన్నప్పుడు హైమ మేస్టారి మొహంకేసి చూసింది. ఆయన మొహం గంటు పెట్టుకుని ఉంది. అవమానం జరిగిన మనిషిలా చేతులు రెండూ కండవా కింద దాచుకున్నారు. జిల్లాలో ఎవరి భుజం బెణికినా, ఎవరి నడుం పట్టినా ఆ చేతుల కిందికే వచ్చేవారు మరి.

బస్సెక్కాక హైమ అడిగింది. "మేస్టారూ, ఆ నెత్తురు నాదే కదా. తక్కువైనా ఆ మోకాటికి వెళ్తానే ఉంది కదా. మరిన్నాళ్ళూ ఏటి చేసింది? బయటికి తీసి మళ్ళీ పెడితే గానీ దానికి పని తెలీదా?"

మేస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "టిక్కెట్టు జాగర్త," అన్నారు.

ఇక్కడ మా షెడ్డు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. బరువుల షెడ్డులో ఎవరికి దెబ్బ తగిలినా, కర్పూరం వేసి నువ్వులనూనె కాచి, అందరూ వరసగా ఆ చోట చెయ్యి వేసి పిసకాలి. ముందు మేస్టారు, తరవాత పెద్దవాళ్ళు, ఆ తరవాత చిన్నవాళ్ళు. చెయ్యి వెయ్యనివాడు పగవాడి కింద లెక్క. వేయించుకోనని కాలు ముడుచుకున్నవాడు షెడ్డులో మనిషి కాడు. ఒకడు అలా ముడుచుకుని, ఆ తరవాత రాడ్డు వాడి మీద పడితే ఎత్తడానికి ఒక్క చెయ్యీ రాలేదు. అది నేను కళ్ళారా చూశాను.

సూది వేసిన రెండో పొద్దున్నకి హైమ మోకాలు కుండలా పొంగింది. గోడ పట్టుకుని నడవాల్సొచ్చింది. ఇంట్లో ఉంటే షెడ్డంతా ఇంటికే వస్తుంది. అలా రప్పించుకోవడం ఇంకా తప్పు. అందుకని తనే వెళ్ళింది. అప్పటికే కుంపటి మీద నూనె కాగుతోంది. కర్పూరం వాసన గుమ్మం దాకా కొడుతోంది. కుంపటి దగ్గర గవరయ్య చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. హైమకి సొంత మేనమామ. మేస్టారి మొదటి శిష్యుడు. ఆ పిల్ల చేతికి మొదటిసారి రాడ్డందించింది ఆయనే.

"రావే పిల్లా. కాలు చాపు," అన్నాడు.

"మావా, డాక్టరమ్మ వద్దంది."

"ఏటి వద్దంది?"

"పిసకొద్దంది. నొప్పి రావడం మంచిదేనంది."

ఆ మాటకి షెడ్డంతా నవ్వింది. వెనకనుంచి ఒకడు, "పిల్ల నెత్తురు పిల్లకే ఎక్కించి మందన్నారట. నా నూతి నీళ్ళు తోడి నా నూతిలోనే పోసి, వాన కురిసిందన్నట్టుంది!" అన్నాడు. ఆ మాటన్నవాడి పేరు నాకు తెలుసు. చెప్పను. వాడికీ తెలుసు.

గవరయ్య నవ్వలేదు. "నొప్పి మంచిదైతే మరి ఏడుపు మొహం దేనికే? ఇదిగో, ఈ మాత్ర మింగు. నేను పట్టేస్తాను. సాయంత్రానికి రాడ్డు కింద ఉంటావు. నా చెయ్యి మీద నీకు నమ్మకం పోయిందా?"

"అదికాదు మావా."

"మరేటి? సెలక్షన్లకి నువ్వెళ్ళొద్దా? మీ అమ్మకి నేనేటి చెప్పను? నీ కూతురు పట్నం సూదిని నమ్మి కుంటిదైపోయిందని చెప్పనా?"

హైమ తన కాలుకేసి చూసుకుంది. కాలు ముడుచుకుంటే ఈ మనుషులు తనకి కాకుండా పోతారు. చాపితే మోకాలు పోతుంది. అదీగాక నొప్పి. ఆ నొప్పి తనకి తెలిసిన నొప్పి కాదు. లోపల ఎవరో పలుగులు పెట్టి తవ్వుతున్నట్టుంది. ఇది బాగవడమో, చెడిపోవడమో చెప్పేదెవరు? డాక్టరమ్మ కూడా ప్రమాణం చెయ్యనంది. కాగిన నూనె వాసనకి ఒళ్ళు తనంతట తనే మెత్తబడిపోతోంది. ఇన్నేళ్ళూ ఆ వాసన వస్తే నొప్పి తగ్గేది. ఆ పిల్లే నాతో అంది, "నేను వద్దనే అనుకున్నానండి, కానీ నా కాలు దానంతటది చాచుకుపోయింది," అని.

గవరయ్య నూనెలో వేళ్ళు ముంచాడు.

సరిగ్గా అప్పుడు మేస్టారు గుమ్మంలోకి వచ్చారు. అందరూ లేచి నిలబడ్డారు. చెప్పులు విడిచి, ఆ చాచిన కాలు చూశారు, నూనె చూశారు, గవరయ్య వేళ్ళు చూశారు.  వచ్చి హైమ మోకాటి ముందు బాసింపట్టు వేసి కూర్చున్నారు.

"వరస ఎవరితో మొదలు?" అని అడిగారు.

"మీతోనే కదా మేస్టారూ," అన్నాడు గవరయ్య గెలిచినట్టు.

మేస్టారు కండవా తీసి పక్కన పెట్టి కుడిచెయ్యి చాచారు.  మావయ్యనైతే హైమ ఇంకో మాట అని ఆపగలదేమో. మేస్టారి చేతిని ఆపే నోరు ఈ ఊళ్ళో ఎవరికీ లేదు. ఆయనకి కోపం వచ్చిందని ఆసుపత్రిలోనే చూసింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఏమీ తగల్లేదు.

కళ్ళు తెరిచి చూస్తే, ఆ చెయ్యి మోకాటికి బెత్తెడు ఎత్తున ఆగి ఉంది. వణుకుతోంది. ఎంత బరువు కిందా వణకని చెయ్యి అది. వేళ్ళు కిందికి దిగాలని చూస్తున్నాయి, ఆయన దిగనివ్వడం లేదు. నుదుటి మీద చెమట పట్టింది. అలా కాసేపు ఉంచి, చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుని చంకలో పెట్టుకున్నారు.

"నా వంతైపోయింది. తరవాత ఎవరు?" అన్నారు.

ఎవరూ కదల్లేదు. అర్థమైనవాళ్ళకి కదలబుద్ధి కాలేదు, అర్థం కానివాళ్ళకి ధైర్యం చాల్లేదు.

"గవరయ్యా, నీదే వరస."

గవరయ్య ముందుకొచ్చి కూర్చున్నాడు. చెయ్యి చాచాడు. నూనె చుక్క ఒకటి వేలి చివర వేలాడుతోంది. అప్పుడే నొప్పి ఒక్క పోటు పొడిచింది. హైమ ఎంత పళ్ళు బిగబట్టినా "మావా!" అని కేక రానే వచ్చింది. గవరయ్య చెయ్యి ఒక్కసారి కిందికి దూకింది.

"వరస తప్పకు," అన్నారు మేస్టారు.

ఆ చెయ్యి వెంట్రుకవాసిలో ఆగింది.

"పిల్ల ఏడుస్తంది మేస్టారూ! కళ్ళ ముందర ఏడుస్తంటే చేతులు ముడుచుకు కూచోమంటారా? నేను మేనమామని!"

"మేనమామవి గనకే నీకు కష్టం. ఊరికే ఉన్నావంటే, చెయ్యి వేసినట్టే. ఎత్తింది చాలు, తియ్యి."

గవరయ్య చెయ్యి తియ్యడానికి పట్టినంత సేపు, తనెత్తిన ఏ బరువుకీ పట్టలేదంది హైమ. తీశాక ఆయన ఆ చేతిని తన తొడకేసి ఒక్కటి కొట్టుకుని, మొహం గోడకి తిప్పుకున్నాడు. నూనె పంచెకంటింది. తరవాత ఒకళ్ళ వెనక ఒకళ్ళు వచ్చారు. ప్రతివాడూ కూర్చున్నాడు, చెయ్యి చాచాడు, ముట్టుకోకుండా వెనక్కి తీసుకున్నాడు. నూతి మాట అన్నవాడు కూడా వచ్చాడు. ఎవడూ నవ్వలేదు. కొత్తగా చేరిన పిల్లలైతే చెయ్యి ఎక్కడ పొరపాటున తగులుతుందోనని ఊపిరి బిగబట్టారు.  హైమ ఏడుస్తూనే ఉంది, గానీ అంతమందిలో ఏ ఒక్కడి చెయ్యీ తనకి లేకుండా పోలేదని ఆ ఏడుపులోనే తెలిసిందట.

వరస అయిపోయింది. మేస్టారు లేచి కుంపటి మీద నీళ్ళు కొట్టారు. హైమ పక్కన పడున్న మాత్ర తీసి గవరయ్యకి తిరిగి ఇచ్చేశారు. కండవా భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగారు.

"బస్సులో అడిగావు కదమ్మా, ఇన్నాళ్ళూ నీ నెత్తురు ఏటి చేసిందని," అన్నారు, వెనక్కి తిరక్కుండానే. "వచ్చేది. వచ్చినప్పుడల్లా మనమే నిలవనిచ్చేవాళ్ళం కాదు."

అంతే అన్నారు. ఆ 'మనం'లో ఎవరెవరున్నారో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

హైమ ఆ యేడు సెలక్షన్లకి వెళ్ళలేదు. డాక్టరమ్మ చెప్పినట్టే, ఒట్టి రాడ్డుతో మొదలుపెట్టి మెల్లిమెల్లిగా బరువు పెంచుకుంటూ పోయి, మరుసటి యేడు వెళ్ళింది. గెలిచింది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. మేస్టారు పోయాక బరువుల సంఘం సెక్రటరీ కూర్మారావు షెడ్డు గోడమీద ఆయన బొమ్మ వేయించి, దాని కింద, 'బోని హైమ మోకాటిని తమ హస్తవాసితో స్వయంగా పిసికి నయం చేసిన మహానుభావులు' అని రాయించాడు. కూర్మారావు ఆ పొద్దున్న షెడ్డులో లేడు. ఏ పొద్దున్నా లేడు. నాకు అక్షరాలు కుదురుగా రావు, లేకపోతే నేనే నిచ్చెన వేసుకుని దిద్దేద్దును. రాయడం వచ్చినవాళ్ళు, చేతిలో రంగు డబ్బా ఉన్నవాళ్ళు ఎవరైనా సరే, దయచేసి ఆ ముక్క సరిచెయ్యండి. మేస్టారు ఆ మోకాలు ముట్టుకోలేదు.